లినో, చెక్క అచ్చులకు ఏ ఇంకు: నూనెదా, నీటిదా?

మే నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వసారాలో ఎనిమిది మంది పిల్లలు లినో అచ్చులు (లినోలియం పలక మీద బొమ్మ చెక్కి, ఇంకు రాసి కాగితం మీద అద్దేవి) వేస్తున్నారు. గాజు పలక మీద నీటి ఇంకు పరిచి, రోలరు తిప్పి ఒక్కొక్కరికీ అందిస్తున్నాను. నాలుగో పిల్లాడి వంతు వచ్చింది. రోలరు పట్టుకుని "మాస్టారూ, ఇంకు ఆరిపోనాది" అన్నాడు. నిజమే, రోలరు గాజుకు అతుక్కుని ఇంకు పెచ్చులుగా లేస్తోంది. అదే రకం ఇంకు, అదే గాజు పలక, ఆగస్టు వానల్లో గంటసేపు హాయిగా పనిచేసింది. ఆ ఆగస్టులోనే నూనె ఇంకుతో తీసిన ప్రింట్లు పన్నెండో రోజున కూడా వేలికి నలుపు అంటించాయి.

బరంపురం నుంచి, గుణుపురం నుంచి, జయపురం నుంచి "ఏ ఇంకు కొనమంటారు?" అని అడిగేవాళ్ళకు నేను ముందు ఈ రెండు నెలల సంగతి చెబుతాను. ఇంకు మంచిదా కాదా అన్నది తర్వాతి మాట. అది ఎలా ఆరుతుంది, మీ ఊళ్ళో ఏ నెలలో ఎంతసేపట్లో ఆరుతుంది అన్నది ముందు తెలియాలి.

ఆరడంలో ఉన్న తేడా

నీటి ఇంకు తనలోని నీటిని గాలికి ఇచ్చేసి ఆరుతుంది. నూనె ఇంకు గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని గట్టిపడుతుంది. అందులో ఉండే అవిసె నూనె ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టి పొరగా మారుతుంది. ఆవిరయ్యేది దాదాపు ఏమీ ఉండదు. మిగతా తేడాలన్నీ దాదాపు ఇక్కడి నుంచే పుట్టినవి.

నీటి ఇంకు ఎండలో, ఫ్యాను గాలిలో నిమిషాల్లో ఆరిపోతుంది. ప్రింటు గంటలోపే చేతికి అంటదు, కానీ పలక మీద పని చేసుకునే వ్యవధి తక్కువ. నూనె ఇంకు పలక మీద గంటలకొద్దీ తడిగా ఉంటుంది, తొందర పెట్టదు. ప్రింటు ఆరడానికి మాత్రం రోజులు పడతాయి. గాలిలో తేమ ఎక్కువైతే ఇంకా ఆలస్యమవుతుంది. మన కోస్తా వైపు, గోపాలపురం నుంచి పర్లాకిమిడి దాకా, జూన్ నుంచి అక్టోబరు వరకు గాలి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆరేసిన చీర సాయంత్రానికి ఆరని రోజుల్లో నూనె ఇంకు మాత్రం ఎలా ఆరుతుంది?

కొనే ముందు చూసుకోవలసినవి

మొదటిది, మీరు చేత్తో అద్దుతారా, ప్రెస్సు ఉందా. ప్రెస్సు ఉంటే కాగితం పెట్టి ఒక్కసారి నడిపితే అయిపోతుంది. స్టీలు గరిటె వెనుక వైపుతో రుద్దేవాళ్ళకు ఎ4 సైజు బ్లాకుకు ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. ఇంకు అంతసేపూ బ్లాకు మీద తడిగా ఉండాలి. మన ఊళ్ళలో ఎక్కువమంది గరిటె వాళ్ళే. ఇంకు ఎంపికలో ఎక్కువమంది మర్చిపోయేది కూడా ఇదే.

రెండోది, ఎక్కడ కడుగుతారు. విడిగా కుళాయి, గాలి ఆడే పెరడు ఉన్నవాళ్ళ సంగతి వేరు. వంటింటి సింకు తప్ప దిక్కు లేనివాళ్ళ సంగతి వేరు.

మూడోది, ప్రింటు తీశాక దాన్ని ఏం చేస్తారు. పైన నీటి రంగులు పూస్తారా, రెండో రంగు అచ్చు వేస్తారా, అమ్ముతారా, ఫ్రేము కట్టిస్తారా?

బ్లాకు దేనితో చేసింది అన్నదీ చూడాలి. లినో నీటికి భయపడదు. చెక్క భయపడుతుంది. గుమ్మడిటేకు పలక మీద, ప్లైవుడ్ మీద చెక్కిన బొమ్మను కుళాయి కింద పెట్టి కడిగితే నార ఉబ్బుతుంది, సన్నగీతల అంచులు మెత్తబడతాయి. ఎండిఎఫ్ (చెక్క నార అదిమి చేసిన పలక) అయితే అంచుల్లో నీరు పీల్చి రొట్టెలా పొంగుతుంది. చెక్క మీద నీటి ఇంకే వాడాలనుకుంటే చెక్కకముందే హార్డ్‌వేర్ షాపులో దొరికే లక్క పాలిష్ రెండు పూతలు వేసి ఆరనివ్వండి. కడిగేటప్పుడు పిండిన గుడ్డతో తుడవండి, ముంచకండి.

నీటి ఇంకు

గమ్ లాంటి జిగురులో రంగు కలిపినవి కొన్ని, యాక్రిలిక్ బైండరుతో, అంటే ప్లాస్టిక్ లాంటి జిగురుతో చేసినవి కొన్ని. రెండూ "నీటి ఇంకు" పేరుతోనే అమ్ముతారు. ఆరాక మాత్రం వేరుగా నడుచుకుంటాయి. మొదటిది ఆరిన తర్వాత కూడా తడి తగిలితే మళ్ళీ కరుగుతుంది. స్పీడ్‌బాల్ వాళ్ళ నీటిలో కరిగే బ్లాక్ ప్రింటింగ్ ఇంకు, 37 మిల్లీలీటర్ల చిన్న ట్యూబుల్లో వచ్చేది, ఈ రకమే. నలుపు అచ్చు తీసి, ఎండాక పైన వాటర్ కలర్ పూద్దామనుకుంటే నలుపంతా రంగులోకి పారుతుంది. యాక్రిలిక్ రకం బాగా ఆరాక కదలదు. కానీ పలక మీద ఇంకా త్వరగా గట్టిపడుతుంది. రోలరు మీద ఎండిందంటే గోరుతో గీకి తీయాల్సిందే. మీ దగ్గరున్నది ఏ రకమో తెలియకపోతే, ఒకరోజు ఆరిన ప్రింటు మూల తడి వేలితో రుద్దండి. తెలిసిపోతుంది.

దీనిలోని మంచి గుణాలు తక్కువేం కాదు. వాసన లేదు. సబ్బు కూడా అక్కర్లేదు, నీళ్ళు చాలు. పిల్లల బట్టలకు అంటినా తడిగా ఉన్నప్పుడే ఉతికితే పోతుంది. ఒకే రోజులో మూడు రంగులు ఒకదాని మీద ఒకటి వేయొచ్చు. ఈ చివరిది వానాకాలంలో నిజంగా పెద్ద లాభం. కాగితం తేమకు సాగుతుంది, ఎండకు కుదించుకుంటుంది. ఈరోజు మొదటి రంగు వేసి వారం తర్వాత రెండోది వేస్తే, మార్కులు ఎంత జాగ్రత్తగా కలిపినా రంగులు అర మిల్లీమీటరో మిల్లీమీటరో తప్పుతాయి. ఒకే పూట పని ముగిస్తే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది.

లోపం పెద్ద నల్లటి, ఎర్రటి మైదానాల్లో, అంటే గీతలు లేకుండా రంగు నిండిన చోట్ల కనిపిస్తుంది. బియ్యపు రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు వస్తాయి. ఆ చుక్కలు పోగొట్టాలని ఇంకు ఎక్కువ వేస్తే సన్నని గీతలు పూడిపోతాయి.

ఇక్కడ ఒక ఉదాహరణ చెబుతాను. పర్లాకిమిడికి పైన కొండల్లో, రాయగడ వైపు, సవర ఇళ్ళ గోడల మీద ఎర్రమట్టి పూత మీద బియ్యప్పిండి తెలుపుతో వేసే ఇడితల్ బొమ్మలు చాలామంది చూసే ఉంటారు. అవి పూజకు సంబంధించినవి, వాటిని నకలు తీసి అమ్మమని నేను అనను. కానీ ఎర్రటి నేల మీద తెల్లటి సన్నగీత అనే ఆలోచన లినోకు పుట్టిల్లు లాంటిది. ఉలి ఎక్కడ నడిస్తే అక్కడ తెలుపు, మిగతాదంతా రంగు. అలాంటి బొమ్మ నీటి ఇంకుతో వేస్తే రెండు కష్టాలూ ఒకేసారి వస్తాయి. ఎరుపు నిండుగా రాదు, నిండుగా రప్పిస్తే గీత మూసుకుపోతుంది. మీ బొమ్మలు ఇలాంటివే అయితే ఇక చదవక్కర్లేదు, నూనె ఇంకు వైపు వెళ్ళండి.

జపాన్ వాళ్ళు నీటి రంగులతోనే అంత సున్నితంగా వేస్తారు కదా అని కొందరు అడుగుతారు. వాళ్ళ పద్ధతి వేరు. రోలరు ఉండదు. బ్రష్షుతో రంగును, బియ్యపు గంజి లాంటి జిగురును చెక్క మీద పరిచి, తడిపిన కాగితం పెట్టి, బారెన్ అనే గుండ్రటి అద్దకపు బిళ్ళతో రుద్దుతారు. ట్యూబులోని నీటి ఇంకుకు, దానికి పోలిక పేరులోనే ఉంది.

వేసవిలో నీటి ఇంకే వాడాలంటే పొద్దున్న ఐదు నుంచి ఎనిమిది లోపు పని పెట్టుకోండి. ఫ్యాను ఆపండి. గాజు పలక కింద తడి తుండు పరవండి. ఇంకులో రెండు మూడు చుక్కల గ్లిజరిన్ కలపండి. అంతకు మించితే ప్రింటు ఆరక జిగటగా ఉండిపోతుంది.

నూనె ఇంకు

రోలరు కింద సరైన మోతాదులో ఉన్న నూనె ఇంకు ఒక చప్పుడు చేస్తుంది. సన్నగా, పట్టుచీర మడత విప్పినట్టు, చిరచిరమని. ఎక్కువైతే చపచపమంటుంది. కొత్తవాళ్ళకు నేను కంటి కంటే ముందు చెవితో నేర్పుతాను. నీటి ఇంకుతో ఈ పాఠం కుదరదు, చెవి పట్టేలోపే చప్పుడు మారిపోతుంది. గీత స్పష్టత, నలుపు లోతు, మైదానం నునుపు, ఈ మూడింటిలో నూనె ఇంకుకు సాటి లేదని నా గట్టి నమ్మకం.

నూనె పాళ్ళు మార్చి ఇంకు నడకనే మార్చొచ్చు. మన చిత్తూరు వైపు నందనూరులో 1925లో పుట్టి పారిస్‌లో పనిచేసిన కృష్ణారెడ్డి ఆ గుణాన్ని ఎంత దూరం తీసుకెళ్ళారో ప్రింట్‌మేకింగ్ చదివిన ప్రతివారికీ తెలుసు. పలుచటి ఇంకు, చిక్కటి ఇంకు ఒకదాన్నొకటి తోసుకునే స్వభావంతో ఒకే ప్లేటు మీద అనేక రంగులు తీశారు. అది లోహపు ప్లేటు పని, మన లినో కాదు. అయినా ఇంకును బుజ్జగించడం అంటే ఏమిటో అక్కడ అర్థమవుతుంది. మన స్థాయిలో, ఇంకు మరీ కారుతుంటే మెగ్నీషియం కార్బొనేట్ పొడి కలిపితే బిగుస్తుంది. వ్యాయామశాలల్లో చేతులకు పూసుకునే చాక్ సాధారణంగా అదే. మరీ గట్టిగా ఉంటే రెండు చుక్కల అవిసె నూనె. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ డిసెంబరు పొద్దుల్లో ఇంకు కత్తికి లొంగదు. కలిపేముందు డబ్బాను అరగంట ఎండలో పెడితే నూనె కలపక్కర్లేకుండానే మెత్తబడుతుంది.

కళాకారుల కోసం చేసిన నూనె ఇంకు ఖరీదు. అందుకే మన దేశంలో చాలామంది విద్యార్థులు ఆఫ్‌సెట్ ప్రెస్సుల ఇంకు వాడతారు. కిలో డబ్బా ఒకటి కొంటే ఏళ్ళు వస్తుంది. నేనూ మొదటి సంవత్సరాలన్నీ అదే వాడాను, తప్పేమీ లేదు. కానీ డబ్బా మీద ఏం రాసుందో చదవండి. షీట్‌ఫెడ్ (విడి కాగితాలు వేసే ప్రెస్సుల ఇంకు) అని ఉండాలి. న్యూస్‌పేపర్లకు వాడే కోల్డ్‌సెట్ ఇంకు కాగితంలోకి ఇంకడం తప్ప గట్టిపడదు. పేపరు చదివాక వేళ్ళకు అంటే నలుపు అదే. మీ ప్రింటు కూడా అలాగే ఉండిపోతుంది. హీట్‌సెట్‌కు వేడి ఓవెను కావాలి. రంగుల విషయంలో ఇంకో మాట. ఆఫ్‌సెట్ నలుపు కార్బన్ కాబట్టి వెలవదు. ఆఫ్‌సెట్ పసుపు, మెజెంటా కరపత్రాల కోసం చేసినవి, వెలుతురుకు వెలసిపోతాయి. గోడకు వేలాడదీసే బొమ్మకు వాటిని నమ్మకండి. ఎర్ర ఆక్సైడు లాంటి మట్టి రంగులు ఏ ఇంకులో ఉన్నా నిలుస్తాయి. నీటి ఇంకు వెలసిపోతుంది, నూనె ఇంకు వెలవదు అన్న మాట తప్పు. వెలిసేది లోపలి రంగు పొడి.

నూనె ఇంకు అసలు పరీక్ష ఆరబెట్టడంలో. పలుచగా వేస్తే పొడి రోజుల్లో మూడు నాలుగు రోజులు, వానల్లో రెండు వారాలు. నేను ఒకసారి తొందరపడి పదో రోజున ఫ్రేముకు ఇచ్చాను. షాపులో అద్దాన్ని నేరుగా బొమ్మకు ఆనించి బిగించారు. నెల తర్వాత విప్పితే నలుపు సగం అద్దానికే ఉంది. అప్పటినుంచి నెల దాటనిదే ఫ్రేముకు ఇవ్వను, అద్దానికీ బొమ్మకూ మధ్య మౌంటు (ఎడం ఉంచే అట్ట చట్రం) లేకుండా ఒప్పుకోను. ఆరేటప్పుడు ప్రింట్లను దొంతి పెట్టకండి. తాడుకు క్లిప్పులతో వేలాడదీయండి, గాలీ వెలుతురూ తగలాలి. మూసిన సొరుగులో పెడితే ఇంకా ఆలస్యం. కోబాల్ట్ డ్రయరు కొన్ని చుక్కలు కలిపితే త్వరగా ఆరుతుంది. అయితే అది విషపదార్థం. చేతి తొడుగులు వేసుకోవాలి, పిల్లలున్న చోట వద్దు.

కడగడానికి కిరోసిన్, టర్పెంటైన్ అవసరం లేదు. ఆ వాసన తలనొప్పిని నేను ఏళ్ళ తరబడి అనవసరంగా భరించాను. ముందు పాత అట్టముక్కతో ఇంకు గీకి తీయండి. న్యూస్‌పేపరుతో తుడవండి. రెండు చెంచాల చవక వంటనూనె పోసి గుడ్డతో రుద్దండి. చివరికి గిన్నెలు తోమే సబ్బు. తుడిచిన నీళ్ళు, నూనె చెరువులోకి, కాలవలోకి పోనీయకండి.

ఒక్క హెచ్చరిక మాత్రం మనసులో పెట్టుకోండి. అవిసె నూనె తడిసిన గుడ్డలను ఉండలుగా చుట్టి మూల పడేయకండి. ఆక్సిజన్ తీసుకునేటప్పుడు వేడి పుడుతుంది. కుప్పలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డలు వాటంతటవే అంటుకోగలవు. ఒక్కొక్కటి విప్పి ఆరుబయట తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ళు పోసిన మూత డబ్బాలో వేయండి. తాటాకు పాకలో, కట్టెల పక్కన పనిచేసేవాళ్ళు దీన్ని ఒక్కరోజు కూడా మరవకూడదు.

సబ్బునీటితో పోయే నూనె ఇంకు

ఈ మూడో దారి గురించి చాలామందికి తెలియదు. బ్రిటన్‌కు చెందిన క్రాన్‌ఫీల్డ్ వాళ్ళ కాలిగో సేఫ్ వాష్ దీనికి మంచి ఉదాహరణ. 75 మిల్లీలీటర్ల ట్యూబుల్లో దొరుకుతుంది. ఇది నూనె ఇంకే, ఆరడం కూడా ఆక్సిజన్‌తోనే. నూనెను సబ్బునీటికి లొంగేలా మార్చి చేశారు. పలక మీద నూనె ఇంకులా ఆగుతుంది, గీత నూనె ఇంకులా పడుతుంది, వంటింటి సింకులో సబ్బుతో పోతుంది. ఆరిన తర్వాత పైన నీటి రంగు వేసినా నలుపు కదలదు.

కష్టం ధరలో, దొరకడంలో ఉంది. మన పట్టణాల్లో షాపుల్లో చూడలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. వానాకాలపు ఆలస్యం దీనికీ తప్పదు, ఎందుకంటే ఆరే తీరు అదే.

ఆకువా అనే ఇంకు మరో జాతి. పలక మీద దాదాపు ఆరదు, కాగితంలోకి ఇంకి ఆరుతుంది, సబ్బునీళ్ళతో పోతుంది. నిగనిగలాడే ఆర్ట్ పేపరు మీద వాడితే ఇంకే చోటు లేక జిగటగా ఉండిపోతుంది. చేతి కాగితం మీద వాడేవాళ్ళకు బాగుంటుంది.

| చూడవలసినది | నీటి ఇంకు | నూనె ఇంకు | సబ్బుతో పోయే నూనె ఇంకు |
|---|---|---|---|
| మే నెలలో పలక మీద | నిమిషాల్లో బిగుస్తుంది | గంటలు ఆగుతుంది | గంటలు ఆగుతుంది |
| వానల్లో ప్రింటు ఆరడం | అదే రోజు | రెండు వారాల దాకా | వారం పైనే |
| సన్నగీతలు | పూడిపోయే భయం | చాలా స్పష్టం | చాలా స్పష్టం |
| పెద్ద మైదానాలు | చుక్కలు పడతాయి | నునుపు | నునుపు |
| గరిటెతో అద్దడం | పొద్దున్నే చేయాలి | ఎప్పుడైనా | ఎప్పుడైనా |
| పైన వాటర్ కలర్ | గమ్ రకం పారుతుంది | ఆరాక నిలుస్తుంది | ఆరాక నిలుస్తుంది |
| చెక్క బ్లాకు | లక్క పూత కావాలి | భయం లేదు | తడిగుడ్డతో తుడవాలి |
| ఖర్చు | తక్కువ | ఆఫ్‌సెట్ తక్కువ, ఆర్ట్ ఇంకు ఎక్కువ | ఎక్కువ |

ఎవరికి ఏది

బడిలో, ఇంట్లో పిల్లలతో చేసేవాళ్ళకు నీటి ఇంకు తప్ప ఇంకోటి చెప్పను. బొమ్మ మీద తెల్ల చుక్కలు పడినా పర్వాలేదు, వాళ్ళ చేతుల మీద రసాయనం ఉండకూడదు. పెద్ద మైదానాలు వదిలేసి, పండు, చేప, ఆకు లాంటి ఆకారాలు చెక్కించండి. నీటి ఇంకు వాటికి సరిపోతుంది.

బరంపురంలో చిన్న ఫ్లాటులో ఉంటూ, సాయంత్రాలు ఒక గంట పనిచేసుకునేవాళ్ళు సబ్బుతో పోయే రకం ఒక్క నలుపు ట్యూబు కొనండి. రంగులు తర్వాత. నాలుగు రంగుల చవక సెట్టు కంటే ఒక మంచి నలుపు మీకు ఎక్కువ నేర్పుతుంది. నందలాల్ బోస్ 1930లో చెక్కిన, కర్ర పట్టుకుని నడిచే గాంధీ లినోకట్ నలుపు తెలుపే కదా.

పది, ఇరవై కాపీల ఎడిషన్ తీసి అమ్మాలనుకునేవాళ్ళకు నూనె ఇంకు. పని నవంబరు నుంచి మార్చి మధ్య పెట్టుకోండి. గాలి పొడిగా ఉంటుంది, ప్రింట్లు వారంలోపే చేతికి వస్తాయి, కాగితానికి బూజు పట్టదు. వానాకాలాన్ని చెక్కడానికి ఉంచుకోండి. నేను అలాగే చేస్తాను. జూలైలో చెక్కినవి డిసెంబరులో అచ్చు వేస్తాను, మధ్యలో బ్లాకును మళ్ళీ మళ్ళీ చూసి సరిదిద్దే అవకాశం కూడా దొరుకుతుంది.

చెక్క మీద పనిచేసేవాళ్ళు నూనె ఇంకు వదలకండి. గుడ్డ మీద అద్దేవాళ్ళు ఈ మూడింటిలో ఏదీ కొనకండి. పెడన అద్దకం వాళ్ళను చూస్తే తెలుస్తుంది, బట్టకు రంగు పట్టించే రసాయనమే వేరు. చొక్కాకో చేతిసంచికో కావాలంటే ఫ్యాబ్రిక్ రంగు తీసుకోండి.

రెండు మనసుల్లో ఉన్నవాళ్ళు ఒక పని చేయండి. అరచేయంత లినో ముక్క మీద ఒక సగం నున్నగా వదిలి, రెండో సగంలో పది సన్నగీతలు చెక్కండి. తెలిసినవాళ్ళ దగ్గర రెండు రకాల ఇంకూ చెంచాడు చెంచాడు అడిగి తెచ్చుకుని, మీరు వాడబోయే కాగితం మీదే, మీ గరిటెతోనే, మీ గదిలోనే అద్దండి. వెనుక తేదీ, వేళ, వాన ఉందా లేదా రాయండి. గోడకు క్లిప్పుతో పెట్టి రోజూ ఒక మూల వేలు తాకించండి. నా వసారా గోడ మీద అలాంటి ముక్కలు నెలకొకటి చొప్పున ఉన్నాయి. కొత్త ట్యూబు కొనే ముందు నేను చూసేది వాటినే.